రిజిస్టరులో నా పేరు పక్కన

నాయనా,

నువ్వు పోయి ఈరోజుకు ఏడాది. బంగారుపాళ్యంలోని మన మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి పన్ను నోటీసు వచ్చింది. సొంత బిడ్డలకిచ్చిన జీతాలు నిజంగా పని చేసినందుకేనా అని.

"మీయన్న జీతం సూపిద్దాం. ఆడబిడ్డకి ఆడ ఏం పనుండాదంటారు, నీది వదిలేద్దాంలేమ్మా," అన్నాడు ఆడిటరు.

ఒళ్లు మండింది. పదేళ్లుగా బాయిలరు దగ్గర నిలబడింది నేను!

అన్ననూ తీసుకుని నేనే పన్ను ఆఫీసుకు వెళ్లాను. ఏం పని చేస్తారని అధికారి ఇద్దరినీ అడిగాడు. కాయ కొనడం నుంచి డబ్బా మూత బిగించేదాకా చెప్పాను. అన్న నీళ్లు నమిలాడు. నా జీతాన్ని ఖర్చుగా ఒప్పుకున్నారు. అన్న జీతాన్ని కొట్టేసి, దానిమీద పన్ను కట్టమన్నారు.

గెలిచినా కోపం తగ్గలేదు. ఆ అధికారి జీతాల రిజిస్టరులో నీ చేతిరాత చూపించాడు. అన్న పేరు పక్కన "మేనేజరు", నా పేరు పక్కన "సాయం".

"ఎందుకట్ల రాసినావు నాయనా?" అని ఆఫీసు మెట్ల మీదే గట్టిగా అడిగేశాను.