ఎడమచేతి తుపాకి

ఏప్రిల్ 28
ఈ రోజు నా అంత సంతోషంగా ఉన్నవాడు మిజౌరీ మొత్తంలో ఉండడు. మా అమ్మాయి రోండాకి చేస్తున్న తుపాకి పూర్తయింది. చకుముకిరాయి తుపాకి, నిప్పు రాజేసే లాకు ఎడమ పక్కన. స్ట్రోక్ వచ్చాక దాని కుడిచెయ్యి మాట వినడం లేదు. ఎడమచెయ్యి మాత్రం బంగారం. మేపుల్ చెక్కని గీకి గీకి, నూనె పట్టించి, అద్దంలా చేశాను. భుజానికి ఆనించి చూసుకుంది. బాగుంది నాన్నా అంది. ముద్దముద్దగానే అంది. నాకు చాలు.

మే 6
రోండా ఇంటి బయట నోరు విప్పదు. స్టోర్‌లో ఎవరో పసిపిల్లని అడిగినట్టు, నీకేం కావాలమ్మా అని సాగదీసి అడిగిందట. ఆ రోజు నుంచి అంతే. మా చకుముకి తుపాకుల వాళ్లం ఏటా నది ఒడ్డున డేరాలు వేసుకుని కలుస్తాం. ఒకప్పుడు అక్కడ దీని నోటికి అందరూ జడిసేవారు. ఈసారి వస్తావా తల్లీ అన్నాను. తను మునుపు చేసిన కత్తులు తీసి తుప్పు తుడవడం మొదలెట్టింది.

మే 11
వస్తుందట. ఎవరు పలకరించినా జవాబు నన్నే చెప్పమంది. మాట్లాడ్డం నాకో లెక్కా అన్నాను.

మే 17, సాయంత్రం
నది ఒడ్డున డేరాలోనే ఉన్నాం. మరిచిపోకముందే రాస్తాను.

రోండా తుపాకులు పేల్చేవాళ్ల లైనులో నిలబడింది. నేను పక్కన కూర్చుని గాలి సంగతీ గురి సంగతీ వాగుతూనే ఉన్నాను. అది సీసం గుండుని గుడ్డపీలికలో చుట్టి, గొట్టంలోకి కడ్డీతో దింపింది. గురి చూసి నొక్కింది. గొట్టం పక్కనున్న చిన్న పళ్లెంలో తుపాకి మందు భగ్గుమంది, గొట్టం పేలలేదు. పళ్లెం నింపి మళ్లీ నొక్కింది. అంతే. అందరికీ తెలిసిపోయింది. గుండు వేసింది గాని, ముందు గొట్టంలో మందు పోయలేదు.

మా దగ్గర ఒక కట్టుబాటు. మందు మరిచినవాళ్లు లైనంతటికీ వినబడేలా తమ నోటితో తామే ఒప్పుకోవాలి. లేదంటే ఆ రోజుకి తుపాకి మూట కట్టుకోవడమే.

అది డేరా వైపు చూసింది. ఇప్పుడు వెళ్లిపోతే ఇంకెప్పుడూ రాదు, నాకు తెలుసు. నేనే లేచి దాని తరఫున చెప్పబోయాను. లైను పెద్ద ఎమెట్, నా ఈడువాడే, నువ్వు కూర్చోవయ్యా, గుండు నీది కాదు అన్నాడు. వాడి పీక నొక్కాలనిపించింది.

రోండా గొంతు సవరించుకుంది. మందు మరిచాను అంది. ముక్కలు ముక్కలుగా, కాని గట్టిగా.

ఎవరూ అయ్యో పాపం అనలేదు. లైనంతా గొల్లున నవ్వింది. డాక్టరిచ్చిన మందులు వేళకి మింగుతావు, తుపాకి మందు ఎగ్గొడతావేమే అన్నాడు ఎమెట్. గొట్టంలో కడ్డీ ఉంచి పేల్చి, దాన్ని ఏట్లో కలిపినోడివి, నువ్వా నాకు చెప్పేది బాబాయ్ అంది ఇది. ఎంతసేపు పట్టిందో ఆ మాట అనడానికి. మధ్యలో ఒక్కడూ మాట అందివ్వలేదు, అందరూ ఆగారు. తర్వాత ఎమెట్‌ని చూసి నవ్వారు. దేవుడి దయ, మా పిల్లని మునుపటిలాగే ఎగతాళి చేశారు.

రోండా గొట్టం పక్కనున్న సన్న చిల్లులోంచి చిటికెడు మందు ఎక్కించి పేల్చింది. గురి తప్పింది. తప్పితే తప్పింది.

మే 18, ఉదయం
కాఫీ దగ్గర రోండా, నాన్నా, నువ్వు కాసేపు నోరు మూసుకుంటావా, నేను ఎమెట్‌తో మాట్లాడుతున్నా అంది.

మూసుకున్నాను.