జగన్నాథం రాక్షసి

నరసన్నపేట
ఆగస్టు 2016, ఆదివారం రాత్రి

మేనకోడలు శిరీష తయారుచేసిన ఆన్‌లైన్ ఆటకి నా కథ పనికిరాలేదు. ఐదుగురు ఆటగాళ్లు కలిసి గుహలోకి వెళ్లి రాక్షసిని చంపాలి. దారి చూపించిన ముసలమ్మే రాక్షసి అని చివర్లో తేలేలా రాసిచ్చాను.

"గమ్మత్తుగా ఉన్నాది మావయ్యా. ఒకపాలి తెలిసిపోయాక రెండోపాలి ఎవుడొస్తాడు సెప్పు?" అంది.

జనం అదే గుహకి మళ్లీ మళ్లీ రావాలట. అందుకని, ఒకప్పుడు నాతోపాటు నాటకాలు రాసిన జగన్నాథం ఆలోచన తీసుకుంది. వాడి రాక్షసి ప్రతి ఆటలోనూ ఐదుగురిలో ఒకణ్ని మింగి, వాడి గొంతుతో మిగతావాళ్లని పిలుస్తుంది. అదేమైనా వాడి సొంతమా? మా ఊరి భాగోతంలో హాస్యగాడు రోజుకొకణ్ని జనంలోంచి లాగి ఏడిపించేవాడు. ఇవాళ ఎవడి వంతో చూడ్డానికే ఊరంతా కదిలేది. ఆ భాగోతం వాడి పక్కనే కూర్చుని నేనూ చూశాను. నాకెందుకు తట్టలేదు?

"సూసావేటి బావా, నా గుహ కాడ జనం తోసుకుంటన్నారు!" అని పొద్దున్న ఇంటికొచ్చి మరీ చెప్పాడు, పట్టుమని పది పుస్తకాలు చదవనివాడు.

తప్పులు పట్టాలని సాయంత్రం శిరీష పక్కన కూర్చుని ఆడాను. ఎన్నిసార్లు వెళ్లినా అది మరెవరినో మింగింది. జగన్నాథం రాక్షసి కంటికి కూడా నేను ఆనలేదు.