కథ లేదని నేను రాసిన సినిమా

ఆదివారం, ఆళ్లగడ్డ

ఆ సైన్స్ ఫిక్షన్ సినిమాలో రంగులూ ఫైట్లూ తప్ప కథ లేదని మొన్న ఆన్‌లైన్‌లో రివ్యూ రాశాను. దాదాపు అందరూ అదే రాశారు. ఇవాళ మేరీ అక్కను నంద్యాల తీసుకెళ్లి ఆ సినిమానే చూపించాను. అక్కకు పదేళ్లుగా చెవులు వినపడవు. తిరుగు బస్సులో "కథ అర్థమైందా?" అని సైగ చేశాను.

"ఏందిరా అట్లడుగుతావ్? పాప బయపడినప్పుడల్లా ఆ రోబో ఒళ్లు ఎర్రగయితాంది, చూడల్యా? కోపంతో కాదు, పాప కోసరం కొడతాండాది" అంది.

నిజంగానే నేను చూడలేదు. డైలాగుల్లో తప్పులు వెతుకుతూ కూర్చున్నాను. ఇంకా ఏమేం వదిలేశానో! రివ్యూ తీసేయాలో వద్దో తర్వాత ఆలోచిస్తాను. రేపు స్కూలు వదలగానే నంద్యాల బస్సెక్కి, చెవుల్లో దూది పెట్టుకుని మళ్లీ చూస్తాను.