కక్కు ఆపే మాత్ర

జూలై 9
రెండో కీమో అయి రెండు రోజులు. అమ్మ పొద్దుట్నుంచి ఏడుసార్లు కక్కింది. గంజి నిలవదు. మజ్జిగ నిలవదు. మంచినీళ్లూ నిలవవు. బకెట్ కడగడం, మళ్లీ మంచం పక్కన పెట్టడం...
రైసు మిల్లుకి వెళ్లలేదు. మేస్త్రీ ఫోను — "మీ యమ్మకి కాన్సరైతే మూటలు ఎవడు మోస్తాడ్రా?" గోడకేసి కొట్టబోయాను ఫోన్ని. ఆగాను. ఆస్పత్రి నంబరు అందులోనే ఉంది.

జూలై 10
"మరి నాను ఆస్పత్రికి ఎల్లన్రా. సచ్చినా ఇంట్లోనే సస్తాను."
ఇంకా నాలుగు కీమోలున్నాయి. రొమ్ములో గడ్డ తగ్గుతోందని డాక్టరే చెప్పాడు. తగ్గుతున్న దాన్ని వాంతులకి భయపడి వదిలేస్తుందట.

జూలై 12
దొరికాయి. అమ్మ నూలు వడికే ఏకుల బుట్టలో, దూది అడుగున. వాంతులు రాకుండా ఆస్పత్రిలో ఇచ్చిన మాత్రలు — కీమోకి మూడు చొప్పున, రెండు కీమోలవీ. ఒక్కటీ విప్పలేదు. వేసుకున్నావా అంటే ప్రతిసారీ "ఆఁ" అంది. నేను నమ్మాను, వెధవని.
అరిచాను. వీధంతా వినే ఉంటుంది.
అమ్మ మెల్లగా — "సిన్నప్పుడు అడివాముదం గింజలు తినీసినావు. గొంతులో ఏలెట్టి కక్కించినాను. ఇసం బయటికొచ్చింది గాబట్టే బతికినావు. ఈ మందూ ఇసమే గదా. కక్కితేనే రోగం పోతాది. ఆపీసే మాత్ర నాకేల?"
నన్ను బతికించిన తెలివే ఇది. అన్ని వాంతులూ మందు పనిచేస్తోందనుకుంటూ ఓర్చుకుంది. ఓర్చుకునే బలమే అయిపోయింది.

జూలై 13
మాత్రల పెట్టెలో మడతపెట్టిన కాగితం, చీమ తలకాయంత అక్షరాలు. తొమ్మిదిలో బడి మానేశాను. నా ఇంగ్లీషు ఎరువుల బస్తాల మీద నేర్చుకున్నది. ఒక్కో మాటా ఫోనులో వెతుక్కుంటూ చదివాను.
మెదడులో ఒక చోటు ఉందట. కీమో మందు పడగానే, విషం వచ్చింది, కక్కెయ్ అని కబురు పెడుతుంది. మాత్ర ఆ కబురుని అందనివ్వదు. అంతే. రోగాన్ని లోపల కట్టెయ్యదు. ఎవరు కనిపెట్టారో... వాళ్ల కాళ్లకి దండం. మిల్లు ఓనరుకి కూడా ఏనాడూ పెట్టలేదు నేను.

జూలై 16
అమ్మకి చదివి చెప్పాను. "కాయితం మీద ఏదైనా రాస్తారు."

జూలై 28
మూడో కీమోకి ఎలాగో తీసుకొచ్చాను. నర్సు మేడంకి సంగతంతా చెప్పాను. ఆమె అమ్మ పక్కనే చతికిలబడింది. "సూడమ్మా, మీవోడు మింగిన గింజలు పొట్టలో ఉన్నాయి, కక్కితే వచ్చీసినాయి. నీకెక్కించేది నరంలోకి. కక్కితే ఏటొస్తాది? నువ్వు తాగిన గంజే." అమ్మ నవ్వింది. రెండు వారాలు అరిచి నేను చెయ్యలేనిది రెండు మాటల్లో. ఆ మనిషికి జీతం ఎంతిచ్చినా తక్కువే.
వాంతుల మాత్ర మొదటిది కీమోకి గంట ముందు మింగింది. మిగతా రెండూ రేపొకటి, ఎల్లుండొకటి.

జూలై 29
వాంతి లేదు.

జూలై 30
కాస్త వికారం. పోయింది. మధ్యాహ్నం గంజి, ఎండు మెత్తళ్ల ఇగురు. నిలిచింది. "అలా సూస్తావేట్రా, తిను" అని కసిరింది. కసిరే ఓపిక వచ్చింది.

ఆగస్టు 2
అమ్మ ఖద్దరు నూలు కోసం వాలుగ చేప దవడ పళ్లతో దూది దువ్వుతోంది. మొదటి కీమో నుంచీ ఆ దవడ వాసనే పడేది కాదు. ఇవాళ కూర్చుంది. ఇంత చేసింది గోరంత మాత్ర...

ఆగస్టు 17
రేపు నాలుగోది. అమ్మ అక్క వచ్చింది. "ఒక్క వాంతీ అవనేదా? అయితే మందు పన్జెయ్యనట్టేనే." గెంటేద్దామనుకున్నాను పెద్దమ్మని. అన్నం పెట్టాను. అమ్మ ఆ మాటకి ఏమీ అనలేదు. నా భయం అదే.

ఆగస్టు 18
ఆస్పత్రి బెంచీ. నర్సు మేడం సెలవు. అమ్మ అరచేతిలో మాత్ర, చాలాసేపటి నుంచి.
"నిజం సెప్పు. నీకే వస్తే ఏసుకుంటావా?"
"ఏసుకుంటానే."
నా చెయ్యి తీసి తన నెత్తిన పెట్టుకుంది. జుట్టు లేని నెత్తి, వెచ్చగా ఉంది. "ఒట్టెయ్."
వేశాను. కాగితంలో ఒక్క మాటైనా తప్పుగా అర్థం చేసుకుని ఉంటే...
అమ్మ నన్ను చూడడం లేదు. మాత్రనే చూస్తోంది. నీళ్ల సీసా మూత తీసి పట్టుకున్నాను. లోపల్నుంచి పేరు పిలవడానికి ఇంకో గంట.