క్యారవాన్‌లో ఈశాన్యం మూల

జూలై 3, గురువారం. ఉదయం 6.10

తీర్మానం: ఇవాళ్టి నుంచి మొహమాటం బంద్. ముప్పై ఏళ్ళు ఇన్సూరెన్స్ కంపెనీకి బండ్ల నష్టం లెక్క కట్టినవాణ్ణి. రిటైరయ్యాక చుట్టాల మాటకల్లా తలూపడం సిగ్గుచేటు.

మొదటి పని వచ్చేసింది. మా ఆవిడ జానకి వాళ్ళన్నయ్య, పంజాగుట్ట బుల్లబ్బాయి బావగారు, తన క్యారవాన్ అమ్ముతున్నారు. మంచం, వంటగట్టు, బాత్రూమ్ అన్నీ ఉన్న బండి. కొనే అమ్మాయి సంగీత, కృష్ణానగర్‌లో మేకప్ ఆర్టిస్ట్. షూటింగులకి అద్దెకిచ్చుకుంటుందట. ఇద్దరిదీ ఒకటే మాట: వీర్రాజు గారు ఎంత రాస్తే అంత.

నియమాలు:
1. బండి అరుగుదల వేరు, లోపలి ఇంటి అరుగుదల వేరు. రెండూ తగ్గించాలి.
2. అమ్మేవాళ్ళు పెట్టిన ఖర్చు మనకు అనవసరం.
3. అమ్మేవాళ్ళింట్లో కాఫీ తాగకూడదు.

మూడోది చదివి జానకి నవ్వింది. నవ్వనీ.

జూలై 4. మధ్యాహ్నం 12.30

సనత్‌నగర్‌లో మెకానిక్ పోచయ్య షెడ్డు. కింద దూరి లేచి, "ఇంజన్ మంచిగున్నది సార్, ఫికర్ లేదు. మీద రూమే ఖరాబైంది. వాన పడితే గీ మూల కారుతది," అన్నాడు. వేలితో నొక్కాను. చెక్క టీలో ముంచిన బిస్కెట్‌లా లోపలికి పోయింది.

ఎనిమిదేళ్ళ బండి. కప్పు మరమ్మతుకి లక్షా డెబ్బై తీసేశాను. న్యాయమైన ధర: 8,20,000. ప్రాణం ఎంత హాయిగా ఉందో.

జూలై 5. సాయంత్రం 5.00

బావగారిల్లు. కాఫీ వద్దన్నాను. అక్కయ్యగారి ముఖం చిన్నబోయింది. "మామీద ఏమన్నా కోపమా తమ్ముడూ?"

తాగాను. అరకప్పే. అరకప్పు నియమం కిందకి రాదు.

తర్వాత బావగారు బండిలో దేవుడి అర చూపించారు. "టేకు, బావగారూ. తూర్పు ముఖం. బండంతా వాస్తు ప్రకారం కట్టించా. దీనికి ధర కట్టరేంటి?"

బండి మలుపు తిరిగితే దేవుడు పడమర చూస్తాడు కదండీ అందామనుకున్నాను. ఈలోగా పెసరట్టు వచ్చింది.

సవరించిన ధర: 9,40,000. టేకు టేకే కదా.

జూలై 7. ఉదయం 10.00

సంగీత ఫోన్. "అంకుల్, జర చూసి రాయుండ్రి. తొమ్మిదేండ్లు కూడబెట్టిన. ఎనిమిదిన్నర లక్షలున్నయ్. ఎక్కువైతే అమ్మ బంగారం పెట్టాలె."

నియమాలు మళ్ళీ చదివాను. రేపు బావగారికి ఖచ్చితంగా చెప్పేస్తాను.

జూలై 8. సాయంత్రం 6.20

వాన. క్యారవాన్‌లో ముందు డ్రైవరు, వెనక గదిలో నేనూ బావగారూ. పంజాగుట్ట ఫ్లైఓవర్ దగ్గర నలభై నిమిషాలు ఆగిపోయాం. కప్పు కారింది, సరిగ్గా నా నెత్తిమీదే. ఇంతకంటే మంచి సాక్ష్యం ఏం కావాలి?

"చూడండి బావగారూ, కారుతోంది."

ఆయన పైకి చూసి దణ్ణం పెట్టారు. "ఈశాన్యం మూల! ఈశాన్యంలో నీళ్ళుంటే శుభం కదండీ. దీనికి తగ్గిస్తారేంటి, పెంచాలి గానీ."

ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇలాంటి వాదన వినలేదు. తల తుడుచుకోమని తన కండువా తీసిచ్చారు. కండువా ఇచ్చిన మనిషితో ఏం వాదిస్తాం.

కప్పు మరమ్మతు తగ్గింపు: రద్దు. వాస్తు: 40,000. మొత్తం 11,50,000. సంతకం పెట్టాను.

జూలై 9. మధ్యాహ్నం 3.00

సంగీత అమీర్‌పేటలో మా ఇంటికొచ్చి కాగితం తీసుకుంది. కాసేపు చూసింది. "గంతనా అంకుల్?" అంది. మళ్ళీ తనే, "మీరు రాసిన్రు కదా. ఇంకెవ్వర్నీ అడగ."

నా ముందే వాళ్ళమ్మకి ఫోన్ చేసింది. "గాజులు సుత తియ్యమ్మా."

ఆ పిల్ల వెళ్ళాక జానకి ఈ డైరీ తీసుకుని మొత్తం చదివింది. "ఈశాన్యం ధర మా అన్నయ్య దగ్గర వసూలు చేసుకోండి. ఆ పిల్ల దగ్గర కాదు," అంది. సిగ్గేసింది. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

జూలై 10, గురువారం. ఉదయం 6.10

మొదటి రోజు. తీర్మానం: ఇవాళ్టి నుంచి మొహమాటం బంద్.

6.30: సంగీతకి ఫోన్. తప్పు రాశానమ్మా, గాజులు తీయించకు అన్నాను.

8.15: బావగారి గుమ్మం. "రా తమ్ముడూ, కాఫీ పెడతా," అన్నారు అక్కయ్యగారు. లోపల పెసరట్టు వేస్తున్న చప్పుడు. నేను చెప్పులు విప్పలేదు.

"ఎనిమిది లక్షల ఇరవై వేలు," అన్నాను.

"టేకు?" అన్నారు బావగారు.

"అర విప్పి తెచ్చుకోండి."

"ఈశాన్యం?"

"అదీ మీరే ఉంచుకోండి."

బావగారు కండువా దులిపి భుజాన వేసుకున్నారు. చివరికి, "ఆ అమ్మాయిని రమ్మనండి," అన్నారు. ముఖం మాత్రం గంటు పెట్టుకునే ఉన్నారు.

9.00: సంగీతకి చెప్పాను. "థాంక్స్ అంకుల్. ఇయ్యాల మా ఇంటికి చాయ్‌కి రావాలె."

బండి తాళాలు నీ చేతికొచ్చాక వస్తానమ్మా అన్నాను.