మొహం తిప్పుకున్న తిమింగలం

స్టీవ్‌స్టన్

అమ్మా, చేపల ఫ్యాక్టరీలో నేనూ అడెలీన్ పిన్నీ కులాసా. బెంగపడకు.

తమ్ముడు అంబ్రోజ్ పడవ మీద వేసుకోడానికి అల్లుతున్న స్వెట్టరు కాలరు దాకా వచ్చాక చూసుకున్నాను. జిప్పుకి చెరోపక్కనా తిమింగలాలు ఎదురెదురుగా చూసుకోవాలా, రెండూ ఒకేవైపు చూస్తున్నాయి!

"పోట్లాడుకున్నాయేమోలేవే! నడిసముద్రంలో చూసేదెవరు, చేపలా?" అంది పిన్ని.

"చేపలకైనా మన ఇంటి పనేనని తెలియాలిగా!" అని తిమింగలాల పొట్టల కిందిదాకా విప్పేశాను.

విప్పితే నల్ల ఉన్ని పీచులుగా తెగుతోంది. నువ్వు వడికిందే ఒక ఉండ పంపు. కొట్టు ఉన్ని దీంట్లో కలవదు. అమ్మమ్మ దగ్గు తగ్గిందా? ఆవిడ బుగ్గకి నా ముద్దు.

అంబ్రోజ్‌ని కొట్లో కోటు కొనుక్కోవద్దను. పడవ కదిలేలోగా స్వెట్టరు చేతులు పూర్తికాకపోతే, రేవులో నిలబెట్టి వాడి ఒంటిమీదే అల్లేస్తాను.

నీ లోరెట్టా