ఏనుగుకు మీసం పెట్టిన సంగతి

బావగారికి,

మీ మరదలు నమస్కరించి, కాస్త దూరంగా నిలబడి రాస్తున్నది.

నేను ఊలుతో ఏనుగు బొమ్మలు అల్లి అమ్ముతున్నానని మీకు తెలుసుగా. అది టీవీలో పిల్లలు చూసే ఏనుగే. కంపెనీవాళ్ల అనుమతి లేకుండా అమ్మితే కేసు పెడతారని మా లాయరు పిన్ని బెదరగొట్టింది. "పోలిక పోయేదాకా మార్చెయ్యవే" అంది.

సరేనని తొండం కత్తిరించి ముక్కులా కుట్టేశాను. "ఇంకా ఏనుగులాగే ఉంది" అంది. చెవులు తగ్గించాను. మీసం పెట్టాను. తలమీది టోపీ పీకేస్తే నున్నటి గుండు తేలింది. పొట్ట జోలికి మాత్రం పోలేదు.

పిన్ని ఆ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. "ఇక కంపెనీకి భయపడక్కర్లేదు. అనుమతి మీ బావనే అడుగు" అంది.

ఒట్టు బావగారూ, కావాలని చేయలేదు. కానీ ఏనుగుగా ఉన్నప్పుడు ఎవరూ ముట్టుకోని బొమ్మను ఇప్పుడు సంతలో జనం ఎగబడి కొంటున్నారు. అందులో మీ ఆఫీసువాళ్లే ఎక్కువ. దయచేసి మీ మొహం వాడుకోవచ్చని ఒక ముక్క రాసి సంతకం పెట్టండి.

కుదరదంటే మానేస్తాను. అమ్మినవన్నీ వెనక్కి తెప్పిస్తాను. ఒక్కటి మాత్రం మీరే అడిగి తీసుకోవాలి. అది అక్క కొన్నది. కుట్టుమిషను పక్కన పెట్టుకుని గుండుసూదులు దానికే గుచ్చుతోంది. కుట్టుపని లేని రోజు కూడా గుచ్చుతోంది.

మీ మరదలు